శిబిరంలో మనిషికి 15 లీటర్ల నీళ్లు ఇవ్వలేకపోతే "కనీస ప్రమాణాలు అందుకున్నాం" అని రాయొచ్చా?

నీలిగొడుగు:

అందరికీ నమస్కారం. వరద బాధితుల కోసం నడుస్తున్న ఒక సహాయ శిబిరంలో నీళ్లు, మరుగుదొడ్లు, శుభ్రత పనులు చూసుకునే బాధ్యత నా మీద పడింది. ఇంతకుముందు నేను చూసింది గోడౌను, స్టాక్ రిజిస్టర్లు మాత్రమే, కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

పరిస్థితి ఇదీ. శిబిరంలో సుమారు 3,000 మంది ఉన్నారు. నీళ్లు మొత్తం ట్యాంకర్ల మీదే. 10,000 లీటర్ల బండి రెండు ట్రిప్పులు, 4,000 లీటర్ల బండి ఒక ట్రిప్పు, మొత్తం రోజుకు 24,000 లీటర్లు, అంటే మనిషికి 8 లీటర్లు. వచ్చిన నీళ్లు పెద్ద ట్యాంకులోకి ఎక్కించి 12 కుళాయిల ద్వారా పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వదులుతాం. మరుగుదొడ్లు 40 ఉన్నాయి, ఆడవాళ్లకి 20, మగవాళ్లకి 20.

ఇప్పుడు సమస్య ఏంటంటే, వారం వారం పంపే రిపోర్టులో "స్ఫియర్ కనీస ప్రమాణాలు అందుకున్నారా? అవును / కాదు" అని ఒక గడి ఉంది. స్ఫియర్ అంటే విపత్తుల్లో సహాయం చేసేవాళ్లు పాటించాల్సిన కనీస ప్రమాణాలు, వాటికో హ్యాండ్‌బుక్ ఉంది. మా పై సారు "హ్యాండ్‌బుక్‌లో మనిషికి రోజుకు 7.5 నుంచి 15 లీటర్లు అని ఉంది, మనం 8 ఇస్తున్నాం, అవును అని టిక్ పెట్టెయ్. కుళాయి 250 మందికి ఒకటి ఉండాలి, 12 ఉన్నాయి, లెక్క అచ్చంగా సరిపోయింది, ఇంకేం టెన్షన్" అంటున్నారు. నాకేమో మింగుడు పడట్లేదు. కుళాయిల దగ్గర రోజూ తగాదాలే, సాయంత్రం నీళ్లు కట్టేసే టైముకి ఇంకా లైన్లో ఖాళీ క్యాన్లు కనిపిస్తూనే ఉంటాయి. అలాంటప్పుడు "అవును" అని ఎలా రాయను? పోనీ "కాదు" అని రాస్తే శిబిరం ఫెయిలయినట్టు అవుతుందా? అసలు ఈ 15 లీటర్లు తప్పనిసరా?


గట్టుమీద:

"అవును" అని రాసి పడుకోండి బ్రదర్. ఈ 15, 250 అన్నీ ఎవరో ఏసీ గదిలో కూర్చుని వేసిన లెక్కలు. మామూలు రోజుల్లోనే ప్రపంచంలో ఎంతోమందికి రోజుకు 15 లీటర్లు దొరకవు, అన్నీ పోగొట్టుకుని వచ్చిన చోట దొరుకుతాయా? ట్యాంకర్ టైముకి రావడమే గొప్ప. ఫారాలు నింపడానికి పెట్టే టైములో ఇంకో ట్యాంకర్ కోసం ఫోన్లు చేసుకోవడం మేలు.


పంపుసెట్టు:

గట్టుమీద గారూ, ఫోన్లు చెయ్యాలన్న మాట నిజమే గానీ ఏసీ గది మాట మాత్రం ఒప్పుకోను. ఈ అంకెలు చావుల మీంచి వచ్చినవి. 1994 జూలైలో రువాండా నుంచి జనం సరిహద్దు దాటి గోమా దగ్గరికి చేరారు, అప్పటి జైర్, ఇప్పటి కాంగో. ఐదు నుంచి ఎనిమిది లక్షల మంది అని అంచనా, అదీ కొద్ది రోజుల్లోనే. కింద అంతా అగ్నిపర్వతపు రాయి, దొడ్డి గుంత తీద్దామంటే గడ్డపార దిగదు. తాగడానికి దగ్గరున్న కివు సరస్సు. ముందు కలరా, దాని వెనకే రక్త విరేచనాలు. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది పోయారు. సహాయ సంస్థలు లేక జరిగింది కాదు, చాలానే వచ్చాయి, కాకపోతే ఎవరికి తోచింది వాళ్లు చేశారు. 1996లో వచ్చిన ఉమ్మడి సమీక్ష నివేదిక ఆ పనితీరుని ఉతికి ఆరేసింది. 1997లో స్వచ్ఛంద సంస్థలు, రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ వాళ్లు కలిసి స్ఫియర్ మొదలుపెట్టారు. ఇప్పుడు అందరూ వాడేది 2018లో వచ్చిన నాలుగో ఎడిషన్.

ఇక నీలిగొడుగు గారి ప్రశ్న. మీ సారు హ్యాండ్‌బుక్‌లో పట్టిక ఒక్కటే చూసినట్టున్నారు, దాని పైన ఉన్న వాక్యం చదవలేదు. ప్రమాణం అంటే ఆ వాక్యమే: తాగడానికి, ఇంటి అవసరాలకి సరిపడా సురక్షితమైన నీళ్లు అందరికీ సమానంగా, మోయగలిగే ఖర్చులో అందాలి. దాని కింద చెయ్యాల్సిన పనులు ఉంటాయి, ఆ పనులు ఎంతవరకు వచ్చాయో చూసుకోడానికి ఇండికేటర్లు ఉంటాయి. 15 లీటర్లు ఒక ఇండికేటర్. పరిస్థితిని బట్టి అది పెరగొచ్చు, తగ్గొచ్చు, హ్యాండ్‌బుక్కే ఆ మాట చెబుతుంది. ఆ పైన ఉన్న వాక్యం మాత్రం ఎక్కడైనా ఒకటే. అందుకే మీ రిపోర్టులో అవును, కాదు అన్న రెండే గళ్లు పెట్టడం నా దృష్టిలో ఫారం తయారుచేసినవాళ్ల బద్ధకం.

7.5 ఎలా వచ్చిందో కూడా చూడండి. తాగడానికి, ఆహారంలో కలిపి 2.5 నుంచి 3 లీటర్లు. కనీస శుభ్రతకి 2 నుంచి 6. వంటకి 3 నుంచి 6. కింది అంకెలు కూడితే 7.5, పై అంకెలు కూడితే 15. అంటే 7.5 దగ్గర బతుకుతున్న మనిషికి చేతులు కడుక్కోడానికి, ఒళ్లు తుడుచుకోడానికి, గిన్నెలకి, అన్నిటికీ కలిపి మిగిలేది రెండు లీటర్లు. ప్రాణం నిలబెట్టుకోడానికి వేసిన లెక్క అది, మొదటి కొద్ది రోజులకి. వారాల తరబడి అక్కడే ఆగిపోయి "అందుకున్నాం" అనడం కుదరదు. ఇక్కడ ఒక విషయం చెప్పండి, మీ దగ్గర వంట ఎవరికి వాళ్లు వండుకుంటున్నారా, సామూహిక వంటశాల ఉందా? వంటశాలకి నీళ్లు వేరేగా వెళ్తుంటే మీ 8 లీటర్లు కాగితం మీద కనిపించినంత ఘోరం కాదు, ఎందుకంటే వంట వాటా అందులోంచి పోవట్లేదు. అదే 8 లీటర్లలోనే వండుకోవాలంటే చాలా ఘోరం. అంకె ఒకటే, బతుకులు వేరు.

ఇప్పుడు కుళాయిలు. నాకు అసలు అనుమానం ఇక్కడే. కుళాయికి 250 మంది అన్న లెక్క, కుళాయి నిమిషానికి 7.5 లీటర్లు పోస్తుందని, రోజుకు దాదాపు 8 గంటలు నీళ్లు వస్తాయని అనుకుని వేసింది. 7.5ని 480 నిమిషాలతో గుణిస్తే 3,600 లీటర్లు. మనిషికి 15 చొప్పున పంచితే 240 మంది, దాన్నే 250 అన్నారు. చేతిపంపుకి 500 మంది అన్నదీ ఇలాగే, నిమిషానికి 17 లీటర్ల లెక్కన. చేంతాడు వేసి తోడే బావికి 400, నిమిషానికి 12.5 లీటర్లు. మీరు కుళాయిలు వదిలేది నాలుగు గంటలే. అంటే ఒక్కో కుళాయి పొయ్యగలిగేది 1,800 లీటర్లు, పన్నెండు కలిపి 21,600. ట్యాంకులోకి వచ్చేది 24,000. అంటే రోజూ రాత్రి ట్యాంకు అడుగున రెండు వేల లీటర్ల పైన మిగిలిపోతూ ఉండాలి, బయట జనం ఖాళీ క్యాన్లతో వెనక్కి పోతుండగా. నా లెక్క నిజమో కాదో ఇవాళ రాత్రి ట్యాంకు మూత తీసి చూడండి. ఇంకో ట్యాంకర్ తెప్పించినా ఇదే నాలుగు గంటలు వదిలితే ఆ నీళ్లు ట్యాంకులోనే ఉంటాయి, జనానికి చేరవు.


నీలిగొడుగు:

పంపుసెట్టు గారూ, ట్యాంకులో కర్ర దించి చూశాను. మీరు చెప్పినట్టే మిగులుతోంది, దాదాపు రెండున్నర వేలు ఉంటాయి. వాచ్‌మన్‌ని అడిగితే "రోజూ ఇంతేనండీ, పొద్దున బండి లేటయితే పనికొస్తాయని ఉంచుతున్నాం" అన్నాడు. వంటశాల ఉంది, దానికి వేరే ట్యాంకర్, కాబట్టి వంట వాటా ఇందులోంచి పోవట్లేదు.

ఇంకోటి కూడా చూశా. 20 లీటర్ల క్యాను నింపడానికి ఎంతసేపు పడుతోందో ఫోన్లో టైమర్ పెట్టి చూస్తే చాలా కుళాయిల దగ్గర మూడు నిమిషాల లోపే, చివరి రెండు కుళాయిల దగ్గర మాత్రం నాలుగు నిమిషాలు దాటుతోంది. ఆ చివరి రెండిటికీ దగ్గరున్న టెంట్ల వాళ్లే ఎక్కువ గొడవపడేది. మొన్నటిదాకా వాళ్లది నోటి దురుసు అనుకునేవాళ్లు మా వాళ్లు.


పంపుసెట్టు:

అదీ సంగతి. నాలుగు నిమిషాలంటే నిమిషానికి 5 లీటర్లు, అక్కడ పైపు సన్నగా ఉందో, వాల్వు సగమే తెరిచారో, ట్యాంకులో మట్టం తగ్గేసరికి ప్రెషర్ పడిపోతోందో చూడండి. ట్యాంకు కింద దిమ్మె ఇంకాస్త ఎత్తు చేస్తే చాలాసార్లు తేలిపోతుంది. సాయంత్రం ఇంకో రెండు మూడు గంటలు వదలండి, దానికి పైసా ఖర్చు లేదు, కుళాయిల దగ్గర ఒక మనిషి ఉంటే చాలు. నీళ్ల దగ్గర నిలబడే టైము 30 నిమిషాలు దాటకూడదు, టెంటు నుంచి కుళాయి 500 మీటర్లు మించకూడదు. లైన్ పొడుగ్గా ఉందంటే నీళ్లు చాలట్లేదనో కుళాయిలు చాలట్లేదనో అర్థం. లైను పొడుగైతే జనం దూరంగా ఉన్న ఏ మడుగుకో పోతారు, అదీ అసలు ప్రమాదం. అత్యవసరానికి కొంత నిల్వ ఉంచాలన్న వాచ్‌మన్ మాట మాత్రం కొట్టిపారెయ్యకండి, దానికి వేరే చిన్న ట్యాంకు పెట్టుకోండి.


రాత్రిడ్యూటీ:

నేను నర్సుని, శిబిరాల్లో ఆరోగ్య కేంద్రాల్లో పనిచేశాను. మీరంతా లీటర్లు లెక్కేస్తున్నారు, మంచిదే, ఆ నీళ్లలో ఏముందో ఎవరూ అడగలేదు. ట్యాంకర్ నీళ్లు ఎక్కడివి? క్లోరిన్ ఎవరు కలుపుతున్నారు? కుళాయి దగ్గర టెస్టు చేస్తున్నారా?

కుళాయి దగ్గర నీళ్లలో మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు ఉండాలి. "మిగులు" అనేదే ముఖ్యం, ఎంత పోశాం అన్నది కాదు. పోసిన దాంట్లో కొంత నీళ్లలో ఉన్న మురికితోనే అయిపోతుంది, అరగంట ఆగాక ఏం మిగిలిందో అదే లెక్క. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ దండగ, టర్బిడిటీ, అంటే నీళ్ల మసక, 5 ఎన్‌టీయూ (దాన్ని కొలిచే యూనిట్) లోపు ఉండాలి, లేకపోతే పటిక వేసి తేర్చడమో వడకట్టడమో చేశాకే క్లోరిన్. వరద టైములో ఇది మరీ చూసుకోవాలి.

పొడి ఎంత వెయ్యాలని అందరూ అడుగుతారు. గుప్పెడు అని చెప్పేవాళ్ల మాట వినకండి. ముందు ఒక శాతం ద్రావణం చేసుకోండి. 70 శాతం క్లోరిన్ ఉన్న గుళికలయితే లీటరు నీళ్లకి 15 గ్రాములు. మామూలు బ్లీచింగ్ పౌడర్ 30 శాతం ఉందనుకుంటే 33 గ్రాములు, కానీ పాత బస్తా, మూతి తీసి ఉంచిన బస్తా అయితే ఆ 30 ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. తర్వాత నాలుగు ప్లాస్టిక్ బకెట్లలో అదే ట్యాంకర్ నీళ్లు 20 లీటర్ల చొప్పున తీసుకుని, ఒకదాంట్లో 1 మిల్లీలీటరు ద్రావణం, రెండోదాంట్లో 1.5, తర్వాత 2, 2.5 సిరంజితో పొయ్యండి. కలిపి మూత పెట్టి అరగంట ఆగండి. ఈత కొలనుల దగ్గర వాడే చిన్న టెస్టు కిట్‌తో చూస్తే ఏ బకెట్టులో మిగులు సరిగ్గా ఉందో తెలుస్తుంది. 2 మిల్లీలీటర్ల బకెట్టు సరిపోయిందనుకోండి, 10,000 లీటర్ల ట్యాంకర్‌కి సరిగ్గా ఒక లీటరు ద్రావణం. బండి నీళ్లు తెచ్చే చోటు మారిందంటే మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. ఇనుప బకెట్లలో చెయ్యొద్దు, పొడి కలిపేటప్పుడు గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి.

ఇక నాకు ఎక్కువ కోపం తెప్పించే విషయం. కుళాయి దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్లు టెంటులోకి వెళ్లేసరికి పాడవుతాయి. వెడల్పు మూతి బకెట్టు, అందులో పిల్లాడి చెయ్యి, గ్లాసు ముంచడం, అంతే. మలావీలో మొజాంబిక్ శరణార్థులున్న ఒక శిబిరంలో 1993లో కొన్ని కుటుంబాలకి మూత, నీళ్లు వంచుకునే ముక్కు ఉన్న బకెట్లు ఇచ్చి చూశారు, చెయ్యి పెట్టడానికి వీల్లేకుండా. ఆ ఇళ్లలో ఐదేళ్లలోపు పిల్లలకి విరేచనాలు 31 శాతం తక్కువగా వచ్చాయి. నీళ్లు అవే, బకెట్టు మారింది. కుటుంబానికి 10 నుంచి 20 లీటర్ల క్యాన్లు రెండు ఉండాలి, ఒకటి తెచ్చుకోడానికి, ఒకటి నిల్వకి. మీ దగ్గర కుటుంబానికి ఎన్ని ఉన్నాయి? ఒక్కటే ఉంటే మీరు 15 కాదు 30 లీటర్లు వదిలినా వాళ్లు పట్టుకెళ్లలేరు.

సబ్బు కూడా. మనిషికి నెలకి 250 గ్రాములు ఒంటికి, 200 గ్రాములు బట్టలకి. మొదటి కిట్‌లో ఒకసారి ఇచ్చి మర్చిపోయే వస్తువు ఇదే. దొడ్డి దగ్గర చేతులు కడుక్కునే చోటు లేకపోతే పోస్టర్లు ఎన్ని అతికించినా లాభం లేదు.

నీళ్ల విరేచనాల కేసులు గబుక్కున పెరిగితే, ముఖ్యంగా పెద్దవాళ్లలో వస్తే, కలరా అనే అనుకుని కదలండి, ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు. అప్పుడు కుళాయి దగ్గర క్లోరిన్ 0.5కి తగ్గకూడదు. కలరా వార్డులో ఒక్కో రోగికి రోజుకు 60 లీటర్ల నీళ్లు కావాలి, తోడున్నవాళ్లకి 15. మీ 24,000లో ఇది ఎక్కడి నుంచి తీస్తారో ఇప్పుడే రాసి పెట్టుకోండి.


తూనీగ:

నీళ్ల గురించి ఇంత చర్చ జరిగింది, 20–20 దొడ్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు, ఆశ్చర్యం లేదు లెండి.

మొదట్లో 50 మందికి ఒకటి, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి. మీ 3,000 మందికి 60 ఉండాలి, తర్వాత 150 దాకా వెళ్లాలి. మీకున్న 40లో ఒక్కోదానికి 75 మంది. ఆడా మగా చెరి సగం అంటే పైకి న్యాయంగానే కనిపిస్తుంది. ఆడవాళ్లకి లోపల పట్టే టైము ఎక్కువ, పిల్లల్ని వెంట తీసుకెళ్తారు, నెలసరి ఉంటుంది. అందుకే ఉమ్మడి దొడ్లు కట్టేటప్పుడు ఆడవాళ్లకి మూడు, మగవాళ్లకి ఒకటి అన్న నిష్పత్తి. రేపు పొద్దున్నే బోర్డులు మార్చి 30–10 చెయ్యొచ్చు, ఖర్చు ఒక డబ్బా పెయింటు. "అయ్యో మగవాళ్లకి పదేనా" అంటారు, వాళ్లకి మూత్రశాలలు రేకులతో, పైపుతో ఒక్క రోజులో కట్టొచ్చు, రద్దీ సగం అక్కడే తగ్గిపోతుంది. కొత్తగా 20 కట్టి 60 చేసినప్పుడు 45–15.

కానీ దొడ్లు ఎన్ని ఉన్నాయన్నది సగమే. లోపల గడియ ఉందా? రాత్రి లైటు ఉందా, దొడ్డిలోనే కాదు, అక్కడికి పోయే దారిలో కూడా? మగవాళ్ల వరస దాటుకుని వెళ్లాలా? టెంటు నుంచి 50 మీటర్లు మించకూడదు అని ఉంది, కానీ చీకట్లో 50 మీటర్లు చాలా దూరం. భయం ఉన్నచోట ఆడపిల్లలు చేసే పని ఏంటంటే సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. అప్పుడు మీ రిజిస్టర్‌లో 15 లీటర్లు ఉన్నా ఏం లాభం? నేను ఒక శిబిరంలో చూశాను, వరసగా కొత్త దొడ్లు, అద్దంలా శుభ్రంగా ఉన్నాయి, తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకుని ఫొటోలు తీసుకున్నారు. వాడితే కదా మురికి అయ్యేది! గడియలు బయటికే ఉన్నాయి, లోపల్నుంచి వేసుకునే వీల్లేదు. ఆ వెనక పొదల్లోకి కాలిబాట పడిపోయింది.

ప్యాడ్ల విషయం మగవాళ్లు అడిగితే ఎవరూ చెప్పరు, ఆడ వాలంటీరే అడగాలి. వాడి పారేసేవి అయితే నెలకి 15, దానితో పాటు అదనంగా 250 గ్రాముల సబ్బు. కొందరు గుడ్డవే కావాలంటారు, వాటిని ఉతుక్కోడానికి, ఎవరి కంటా పడకుండా ఆరేసుకోడానికి చోటు కావాలి. ఏది కావాలో ముందు అడిగి తర్వాత కొనండి. వాడేసినవి వెయ్యడానికి మూతున్న డబ్బా దొడ్డి లోపలే ఉండాలి, లేకపోతే గుంతలోకే పోతాయి, గుంత త్వరగా నిండుతుంది, తోడే బండి పైపు అడ్డుపడుతుంది. మంచానికే పరిమితమైన ముసలివాళ్ల సంగతి, మూత్రం ఆపుకోలేని వాళ్ల సంగతి కూడా ఇదే పనిలో భాగం. పసిపిల్లల మలం "ఏం కాదులే" అని టెంటు వెనక పారేస్తారు, అది పెద్దవాళ్ల మలం కన్నా ప్రమాదం, పాటీలు ఇవ్వండి.


గట్టుమీద:

తూనీగ గారూ, చెప్పిందంతా బాగుంది. కానీ వరద నేలలో ఇంకో 20 ఎక్కడ తవ్వుతారు? మూడు నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు ఊరుతాయి. గుంత అడుగుకీ భూగర్భజలానికీ ఒకటిన్నర మీటర్లు ఎడం ఉండాలని మీ పుస్తకమే కదా చెప్పేది. ఎడం కాదు కదా, గుంత నిండా నీళ్లే ఉంటాయి. ఇలాంటి చోట ప్రమాణం ప్రకారం చెయ్యమంటే అసలు దొడ్డే కట్టకూడదు.


పంపుసెట్టు:

మంచి ప్రశ్న, ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన వాటిల్లో ఇదే కష్టమైనది. తవ్వలేని చోట పైకి కట్టాలి. నేల మీద దిమ్మె ఎత్తి, కింద సీలు చేసిన ట్యాంకు లేదా పెద్ద డ్రమ్ములు పెట్టి, పైన గది, ఎక్కడానికి మెట్లు, పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు. మురుగు నేలలోకి ఇంకదు కాబట్టి భూగర్భజలం గొడవ ఉండదు, కానీ వెంటనే ఇంకో గొడవ మొదలవుతుంది: ఎవరు తోడాలి, ఎప్పుడు తోడాలి, ఎక్కడ పొయ్యాలి. మొదటి రోజుల్లో మనిషికి రోజుకు ఒకటి నుంచి రెండు లీటర్ల మలమూత్రాలు లెక్కేస్తారు, మీ శిబిరానికి రోజుకు 3,000 నుంచి 6,000 లీటర్లు. మంచినీళ్ల ట్యాంకర్ల కోసం చేసే ఫోన్లలో కొన్ని తోడే బండి కోసం కూడా చెయ్యాలి. మామూలు నేల ఉన్నచోట తవ్వే దొడ్లు మాత్రం బావులకి, బోర్లకి 30 మీటర్లు ఎడంగా ఉండాలి, పగుళ్ల రాయి, సున్నపురాయి అయితే అదీ చాలదు.

తోడిన బండి ఎక్కడ ఖాళీ చేస్తుందో ఎవరైనా వెంట వెళ్లి చూడండి, డ్రైవర్ మాట మీద వదలొద్దు. హైతీలో 2010 జనవరిలో భూకంపం వస్తే కలరా వచ్చింది అక్టోబరులో, అదీ భూకంప శిబిరాల్లో మొదలవలేదు. ఐక్యరాజ్యసమితి శాంతిదళం ఉన్న ఒక స్థావరం నుంచి మురుగు మెయ్ అనే చిన్న నదిలోకి, అక్కడి నుంచి ఆర్టిబొనైట్ నదిలోకి చేరింది. 8 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, దాదాపు 10,000 మంది చనిపోయారు. 2016 డిసెంబరులో అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకి క్షమాపణ చెప్పారు. సాయం చెయ్యడానికి వచ్చినవాళ్ల దొడ్డి కూడా దొడ్డే.


నీలిగొడుగు:

అందరికీ థాంక్స్. ఇంత వస్తుందని అనుకోలేదు. చూసినవి, చేసినవి చెబుతాను. సాయంత్రం కుళాయిలు ఇంకో మూడు గంటలు వదులుతున్నాం, గుంపు బాగా తగ్గింది. చివరి రెండు కుళాయిల వాల్వు నిజంగానే సగమే తెరిచి ఉంది. దొడ్ల బోర్డులు మార్చాం, మగవాళ్లు రెండు రోజులు గొణిగారు, మూత్రశాలలు మొదలుపెట్టాం. గడియలు చూస్తే ఆడవాళ్ల వరసలో చాలా వాటికి లోపల లేవు, వడ్రంగిని పిలిచాం. క్యాన్లు కుటుంబానికి ఒక్కటే ఉంది, రెండోది ఆర్డర్ పెట్టాం.

రిపోర్టు ఇలా రాద్దామనుకుంటున్నా, ఎలా ఉందో చెప్పండి: "సగటున మనిషికి రోజుకు 8 లీటర్లు, వంటశాల నీళ్లు దీనికి అదనం. ఇది 15 లీటర్ల ఇండికేటర్ కన్నా తక్కువ. కారణం: ట్యాంకర్ల కొరత. ప్రభావం: స్నానం, బట్టలు ఉతకడం తగ్గాయి, చర్మ వ్యాధుల కేసులు ఆరోగ్య కేంద్రానికి వస్తున్నాయి. తీసుకున్న చర్యలు: కుళాయిల సమయం పెంచాం, ఇంకో ట్యాంకర్ అడిగాం. మరుగుదొడ్డికి 75 మంది, 20 కొత్తవి ఎత్తు దిమ్మెల మీద కడుతున్నాం." అవును, కాదు గళ్లు రెండూ ఖాళీగా వదిలేసి పక్కన "వివరణ చూడండి" అని పెడతా. సారు ఒప్పుకుంటారో లేదో చూడాలి.


పంపుసెట్టు:

బాగా రాశారు. ఇండికేటర్ అందుకోలేనప్పుడు తేడా ఎంత, ఎందుకు, దానివల్ల జనానికి ఏమవుతోంది, నష్టం తగ్గించడానికి ఏం చేస్తున్నాం, ఈ నాలుగూ చెప్పమని హ్యాండ్‌బుక్ కూడా అంటుంది, మీ సారుకి ఆ పేజీ చూపించండి. పైవాళ్లని ఇంకో ట్యాంకర్ అడగడానికి ఈ పేరానే మీకు ఆధారం. "అవును" అని పంపితే ఇంకో బండి ఎవరిస్తారు?


రాత్రిడ్యూటీ:

క్లోరిన్ రీడింగులు లేవు అందులో. రోజుకు కనీసం రెండుసార్లు, ట్యాంకు దగ్గర కాకుండా చివరి కుళాయి దగ్గరా, కొన్ని టెంట్లలో క్యాన్ల నుంచీ తీసిన రీడింగులు పెట్టండి. విరేచనాల కేసులు వారంవారీ అంకె ఆరోగ్య కేంద్రం నుంచి తీసుకుని పక్కనే వెయ్యండి.


తూనీగ:

"సగటున" అన్న మాట నాకు నచ్చలేదు. మొదటి వరస టెంట్లలో కొందరిని, చివరి వరస టెంట్లలో కొందరిని, ఒంటరి ఆడవాళ్లని, ముసలివాళ్లని విడిగా అడిగి నిన్న ఎన్ని క్యాన్లు తెచ్చుకున్నారో రాసుకోండి. 8 అన్నది కొందరికి 12, కొందరికి 4 అయి ఉండొచ్చు. ఆ నాలుగు లీటర్ల వాళ్లు ఎవరో, ఎన్ని టెంట్లో రిపోర్టు మొదటి లైన్లో పెట్టి, సగటు కింద ఎక్కడైనా వేసుకోండి. అడగడానికి మాత్రం కుళాయిల టైములో వెళ్లకండి, లైన్లో నిలబడలేనివాళ్లు అప్పుడు మీకు కనపడరు.